క్యాసెట్లో నా నిద్ర

శామీర్‌పేట దగ్గరి పొలం ప్లాట్లు చేసి అమ్మాక నాకు కాళ్లతో పని లేకుండా పోయింది. పాలు తేవడానికి కూడా బండి మీదే. ఇక ప్లాట్ల బేరాలే నా పని. బేరం కుదిరితే మందు, కుదరకపోతే ఇంకాస్త మందు, పైన మటన్, నోట్లో గుట్కా. రెండేళ్లలో పొట్ట వచ్చింది, మగతనం పోయింది. నా భార్య మంచం మా అమ్మ గదిలోకి మారింది. ఎందుకని అడిగే మొహం నాకు లేదు. ఇవాళ కాకపోతే రేపు పుట్టింటికి వెళ్లిపోతుందని లోలోపల వణికేవాణ్ణి, పైకి మాత్రం అందరి మీదా కస్సుమనేవాణ్ణి.

మేడ్చల్ మార్కెట్లో దొరికే చూర్ణాలన్నీ మింగాక, తెలిసినవాళ్లు కనబడరని అల్వాల్‌లో ఒక డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఆయన మాత్రలు రాయలేదు, ఒళ్లు తగ్గితే అదే తిరిగొస్తుందన్నాడు. మందు, గుట్కా, నడక గురించి అడిగి, చివర్న నిద్ర ఎలా పడుతుందన్నాడు.

“మస్తు పడ్తది సార్. పండుకుంటే సచ్చినోని లెక్కనే.”

ఆయన నవ్వలేదు. “అది మీరు చెప్పేది కాదు. మీ ఇంట్లోవాళ్లని అడగండి,” అన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం నా భార్యను అడిగాను. ఆమె టేపురికార్డర్ తెచ్చి నా ముందు పెట్టింది.

“గిది ఇను. మొన్న పగలు అన్నం తిని పండుకున్నవ్ గదా, అప్పుడు పట్టిన.”

ముందు గురక. సిగ్గేసి నవ్వాను. అంతలో గురక తెగింది. క్యాసెట్ అయిపోయిందేమోనని వంగి చూస్తే చక్రాలు తిరుగుతూనే ఉన్నాయి. వాకిట్లో కోళ్లు వినపడుతున్నాయి, ఎవరో సైకిల్ బెల్లు కొట్టారు, నేను మాత్రం లేను. చాలాసేపటికి, బావిలో మునిగినవాడు తేలినట్టు ఒక్క ఎగశ్వాస. మళ్లీ గురక. మళ్లీ ఏమీ లేదు. ఈసారి ఆ ఖాళీలో ఆమె గొంతు, మెల్లగా, ఏడుస్తూ.

“తీస్కో... ఊపిరి తీస్కో... నీ కాల్మొక్త.”

నేను బటన్ నొక్కి ఆపేశాను.

“నీ మీద కోపంతోని పోలే అత్తమ్మ దగ్గరికి,” అంది. “ఒక్కదాన్నే ఇనలేక, గందుకే పోయిన.”

మందు, గుట్కా మానేశాను. అంత తేలిగ్గా ఏం కాలేదు, ఆ నెలల్లో మా ఇంట్లో గిన్నెలు ఎగిరాయి. తెల్లారకముందే లేచి చెరువు కట్ట మీద నడిచేవాణ్ణి. పొట్ట తగ్గేకొద్దీ, డాక్టరు అన్నట్టే, పోయిందనుకున్నది మెల్లగా తిరిగొచ్చింది. ఆమె మంచం కూడా వచ్చింది.

ఇప్పటికీ నేను ఊరికే కళ్లు మూసుకుని పడుకుంటే ముక్కు కింద ఆమె వేలు తగులుతుంది. మేలుకునే ఉన్నానని చెప్పను. ఊపిరి గట్టిగా వదులుతాను.