ఆరో పలక మీద ముఖం

ఎఫీ పుట్టినా, పెరిగినా, మొగుణ్ణి మట్టికిచ్చినా అంతా స్కాట్లాండ్‌లోని క్రెయిగ్‌హేవెన్ రేవులోనే. హాడక్ చేపలకు పొగబెట్టే షెడ్డులో ముప్ఫై ఏళ్లు పనిచేసింది. నలుగురి నోటా నానకుండా, ఎవరికీ తలవంచకుండా బతికిన మనిషి.

ఆ వేసవిలో ఊరి చరిత్ర సంఘం వాళ్లు వీధుల్లో ఊరి పాత సంగతులు రాసిన పది పలకలు నిలబెట్టారు. గైడు అక్కర్లేదు, చేతిలో పటం ఉంటే ఎవరికి వారు ఊరు చుట్టి రావచ్చు. దాంతో ఎఫీకి కొత్త బెడద పట్టుకుంది. గుమ్మంలో నిలబడితే చాలు, ఎవరో ఒకరు ఆగి ఐదో పలక ఎక్కడని అడిగేవారు. ఆమెకేం తెలుసు?

"డెబ్బై ఏళ్లుగా ఈ రాళ్లమీద తిరుగుతున్నావు. నిన్న దిగిన జర్మనీవాడికున్న ఎరుక నీకు లేదే!" అని పక్కింటి ఈనా ఎత్తిపొడిచింది.

"నా ఊరు నేను చూసుకోడానికి పటం ఎందుకే?"

"అయితే ఆదివారం చర్చి అయ్యాక పద. నేను చదువుతా, నువ్వు తప్పులు పట్టు."

అలాగే బయల్దేరారు. సన్నటి తుంపర పడుతోంది. సంత స్తంభం దగ్గర మొదటి పలక, పాత చెరసాల దగ్గర రెండోది. "చెరసాలట! మా తాత ఇందులో బంగాళాదుంపలు దాచేవాడు," అని ఎఫీ పకపకా నవ్వింది. ఆరో పలక రేవు గోడ మీద ఉంది. దూరం నుంచి 'ప్రావిడెన్స్' అన్న పేరు చూడగానే ఆమె నవ్వు ఆగిపోయింది.

"ఇది నాకు చదివి వినిపించక్కర్లేదు, పద," అంది. ఆ పడవ యాభై నాలుగు చలికాలంలో రేవు ముఖద్వారంలోనే తిరగబడింది. దాంతోపాటే దాని సరంగు, ఆమె తండ్రి టామస్ టార్విట్, పోయాడు. అప్పటికి ఎఫీ చంకలో పిల్ల. శవం దొరకలేదని, ఏటా ఆ రోజున తల్లి ఆమె చేత నీళ్లలో పువ్వు వేయించేది.

ఈనా కదల్లేదు. "ఎఫీ... ఇలా రా."

పలక మీద పాత ఫొటో. కంబళ్లు కప్పుకున్న ముగ్గురు మగవాళ్లు. కింద, బతికి బయటపడిన వాళ్ల పేర్లు. చివరి పేరు పడవ సరంగు టామస్ టార్విట్.

"పేరు తప్పు వేసి చచ్చారు," అంది ఎఫీ. అంటూనే ముఖం చూసింది. తల్లి పెళ్లి ఫొటోలో ఉన్న మనిషే. అవే దొప్పల్లాంటి చెవులు.

ఇంటికి పోలేదు. తిన్నగా కొండమీది వృద్ధాశ్రమానికి వెళ్లింది. తొంభై దాటిన పిన్ని నెటా కిటికీ దగ్గర టీ తాగుతోంది.

"మా నాన్న బతికాడా పిన్నీ?"

నెటా కప్పు కింద పెట్టింది. "ఎవరన్నారే?"

"ఊరే అంది. గోడకు కొట్టి మరీ చెప్పింది."

"గాలి బాగోలేదు, వద్దన్నారు తల్లీ. మొండిగా పడవ తీసుకెళ్లాడు. నలుగురు పోయారు. మన వీధిలోనే నలుగురు ఆడవాళ్లు నల్లబట్టలు కట్టారు. ఒక్కతె కూడా మీ నాన్నను పల్లెత్తు మాట అనలేదు. తిట్టినా బతికిపోయేవాడు. ఓ పొద్దున బస్సెక్కి పోయాడు, మరి రాలేదు. అప్పుడు మీ అమ్మ కూడా నల్లబట్టలు కట్టింది."

"ఊరందరికీ తెలుసా?"

"తెలుసు."

"నాకొక్కదానికే తెలీదు!"

"నీకు ఎవరు చెప్తారే? చెప్పి, మర్నాడు నీ ముఖం ఎలా చూస్తారు?"

నాన్న అబర్డీన్ నగరంలో రేవు పక్కన ఐస్ ఫ్యాక్టరీలో పనిచేశాడట. ఎఫీకి ఇరవై ఆరేళ్లప్పుడు పోయాడట. ఆ రోజుల్లో హాడక్ కొనడానికి షెడ్డు లారీలో తనూ అబర్డీన్ వెళ్లేది. పెట్టెల్లోకి ఐసు ఆ ఫ్యాక్టరీ గేటు దగ్గరే పోయించుకునేవారు. పారలతో ఐసు ఎత్తిపోసిన వాళ్లలో ఒక్కరి ముఖమైనా గుర్తొస్తుందేమోనని ఎంత తడుముకున్నా దొరకలేదు.

"పూడ్చింది ఎవరు?"

"మీ అమ్మే. రాయి కూడా తనే వేయించింది. నేను చూళ్లేదు."

ఎఫీ పిన్నితో మూడు వారాలు మాట్లాడలేదు. ఆ తర్వాత ఈనాను వెంటబెట్టుకుని అబర్డీన్ రైలెక్కింది. శ్మశానంలో కాపలాదారు చూపించిన వరుసలో, నాచు పట్టిన చిన్న రాయి. ఈనా రుమాలుతో తుడిచి, చదివి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

టామస్ టార్విట్, సరంగు. 1954లో సముద్రంలో పోయాడు.

"రాయి మీద కూడా అబద్ధమేనా తల్లీ!" అంది ఈనా.

కింద ఉన్నది మట్టి, పైన చెక్కింది సముద్రం. ఎఫీ వంగి, ఆ అంకెల మీద వేలు పెట్టి, ఒక్కొక్కటే గీసినట్టు తడుముతూ ఉండిపోయింది.