సువార్తమ్మగారికి అందని రొట్టె

మా సువార్తమ్మ టీచరుగారు పోయారు. కబురు వచ్చేసరికి మిరపకల్లంలో తాలుకాయలు ఏరుతున్నాను. ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. ఆమెను చంపింది జబ్బొక్కటే కాదు.

నాకు మనవలు పుట్టాక అక్షరాలు నేర్పింది ఆమే. కూలికి పోయొచ్చిన ఆడవాళ్ళను చర్చి వసారాలో కూర్చోబెట్టి దిద్దించేవారు. నేను పలక దాచుకుంటే, "ఏమే రాహేలూ, అదేమన్నా దొంగసొత్తా? తప్పుంటే దిద్దుకుందాం, ఇటు తే" అని నవ్వేవారు.

ఆమె కిడ్నీలు పాడయ్యాయి. భర్త ప్రకాశంగారు తనది ఇస్తానన్నారు. గుంటూరులో పరీక్షలు చేసి డాక్టరమ్మ కుదరదంది. తోడు వెళ్ళిన నేనూ విన్నాను. "ఎవరి తప్పూ కాదమ్మా. బిడ్డలు కడుపులో ఉన్నప్పుడు మీ ఒంట్లోని రక్షణ కణాలు వాళ్ళను ఏమీ చేయలేదు. కానీ తండ్రి నుంచి వాళ్ళకొచ్చిన గుర్తుల్ని మర్చిపోలేదు. ఇప్పుడు ఆయన కిడ్నీ పెడితే, గుర్తుపట్టి దానిమీద పడతాయి" అంది.

అంటే ఆయన బిడ్డల్ని కన్నందుకే ఆయన కిడ్నీ పనికిరాలేదు. ఊరు మాత్రం తిరగేసి చెప్పుకుంది. మొగుడి కిడ్నీ పడలేదంటే ఆ పిల్లలు అతని పిల్లలు కారంది!

ఆ ఆదివారం చర్చిలో ప్రభువు బల్ల దగ్గర, అందరికీ రొట్టె పంచుతూ సంఘపెద్ద పళ్ళెం ఆమెకివ్వకుండా దాటించాడు. "ముందు పాపం ఒప్పుకో అమ్మా, తర్వాత తీసుకుందువు" అన్నాడు.

"ముగ్గుర్నీ ఈయనకే కన్నానని ఒప్పుకుంటున్నా. చాలా?" అన్నారామె.

ప్రకాశంగారు తలెత్తలేదు. బయటికొచ్చాక ఆమె అడిగారు: "కిడ్నీ ఇస్తానన్నారు, ఒక్క మాట సాయం చెయ్యలేకపోయారా?"

"పెద్దలతో గొడవెందుకే" అన్నాడాయన.

ఆమె దగ్గర అక్షరాలు దిద్దిన ఆడవాళ్ళం ఇంటింటికీ తిరిగి డాక్టరమ్మ మాట చెప్పాం. "మొగుడే నోరు మెదపటంలా, మధ్యలో మీకేంటే?" అన్నారు. వేరే కిడ్నీ దొరకలేదు. ఓపిక ఉన్నన్నాళ్ళూ ఆమె చర్చికి వచ్చారు. పళ్ళెం ఆమెను దాటిపోతూనే ఉంది.

ఆమె పోయాక ఇంటివాళ్ళను ఓదార్చే ఆదరణ కూటంలో అదే పెద్ద, "ఈమె పాపాన్ని క్షమించు తండ్రీ" అని ప్రార్థన ఎత్తుకున్నాడు.

"ఆపండయ్యా! ఏం పాపం?" అని లేచాను. అంతా చెప్పాను.

"నీకేం తెలుసు, కూర్చో!" అన్నాడు పెద్ద.

అప్పుడు లేచారు ప్రకాశంగారు. "రాహేలు చెప్పింది నిజం. నేనూ విన్నాను" అని భోరుమన్నారు.

విన్న మనిషి ఇన్నాళ్ళూ ఏం చేసినట్టు? ఆ మాట ఆమె చెవిన పడాల్సింది, సమాధి చేశాక కాదు.

టీచరుగారూ, మీకు చేతులెత్తి మొక్కుతున్నాను. మీలాంటి మనిషి మాకు మళ్ళీ దొరకదు. సంఘంవాళ్ళు తప్పు తెలుసుకున్నారట, మీ పేరున ప్రేమవిందు పెడతారట. ఆ బంతిలో నేను కూర్చోను.