గొంతు పోయిన సెమిస్టర్

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా! పటాన్‌చెరు దాటాక ఉన్న ఇంజనీరింగ్ కాలేజీలో సాఫ్ట్‌వేర్ పాఠాలు చెప్పుకునే మీ చెల్లెలు ఈ రోజు నోరు తెరిచి మాట్లాడుతోందంటే అది కేవలం దేవుని కృప! నిరుడు వానాకాలంలో నా గొంతు పూర్తిగా పోయింది.

అంతకుముందు నా పాఠం పక్క గదిలోకి కూడా వినిపించేది, ఆ గది మాస్టారైతే "మేడం, మా పిల్లలకు గూడ మీరే చెప్తున్నరు, ఇగ నాకు జీతమెందుకు" అని ఆటపట్టించేవారు. అలాంటిదాన్ని, గుసగుస కూడా రాక, గొంతులో కంతులున్నాయి, నెలల తరబడి నోరు మెదపొద్దు, ఆ తర్వాతైనా పాఠం చెప్పే గొంతు వస్తుందో రాదో అని డాక్టరు చెబితే కుప్పకూలిపోయాను. మాట రాని టీచరును ఎవరు ఉంచుకుంటారు? మోకాళ్ళ మీద పడి లోలోపలే మొరపెట్టుకున్నాను, "ప్రభువా, గొంతు తీసేసి నన్నేం చేయమంటావు తండ్రీ!" అని.

జవాబు వెంటనే రాలేదు, క్లాసు మాత్రం వచ్చేసింది. ఇంటి నుండే ఆసుపత్రి టోకెన్ తీసుకునే యాప్ ఒకటి పిల్లలు చేసి తెచ్చారు. గొంతుంటే లోపాలన్నీ నేనే గడగడా చెప్పేసేదాన్ని. లేదు గనుక, గడ్డపోతారం మందుల కంపెనీలో ప్యాకింగ్ చేసే మన సంఘపు ఎస్తేరమ్మక్కను క్లాసుకు పిలిచి, ఫోన్ చేతికిచ్చి, ఎవరూ ఏమీ చెప్పొద్దని బోర్డు మీద రాసి కూర్చున్నాను.

అక్క ఒత్తింది, ఆగింది, మళ్ళీ ఒత్తింది. యాప్ చేసిన శ్రావణి నోరు తెరవబోతే నేను పెదవులపై వేలు పెట్టాను. చివరికి అక్కే, "నాకు నంబరు వచ్చినట్టా, రానట్టా బిడ్డా? పరేషాన్ అయితున్న, జెర చెప్పుండ్రి" అన్నది. శ్రావణి ఒక్కసారిగా ఏడ్చేసింది, "మేడం, మా అమ్మ గూడ గిట్లనే అడుగుతది, నేను కసురుకుంట" అని.

ఆ పిల్లలే ఎస్తేరమ్మక్కను పక్కన కూర్చోబెట్టుకుని, అడిగి అడిగి యాప్ మొత్తం మళ్ళీ కట్టారు సహోదరులారా! యాప్ మనిషి కోసమని నేను ఏళ్ళ తరబడి అరిచి చెప్పింది, నేను నోరు మూసుకున్న రోజున వాళ్ళు కళ్ళారా చూశారు. గొంతు అడిగిన నాకు దేవుడు ముందు చెవులిచ్చాడు. హల్లెలూయ!

కాలేజీవాళ్ళు నన్ను తీసేయలేదు, ఆ పద్ధతినే మిగతా క్లాసులకూ పెట్టారు. గొంతు కూడా మెల్లగా తిరిగొచ్చింది, డాక్టరే ఆశ్చర్యపోయారు. పక్క గదికి వినిపించదు గానీ మీకు వినిపిస్తోంది కదా! దేవునికే మహిమ!

నోటితో చెప్పుకోలేని కష్టంలో ఎవరైనా ఉంటే ఆయన్ని నమ్మండి, మాట లేని ప్రార్థన కూడా ఆయన వింటాడు, నాది విన్నాడు. ఆరాధన అయ్యాక నేను వెనక బెంచీలో ఉంటాను. వచ్చి చెప్పుకోండి. మధ్యలో మాట్లాడను, వింటాను.