జాజి అత్తరు పూసుకున్న దొర

మా ముత్తాత రంగారావు దొర కచ్చురం బండిలో సిద్దిపేట బజారులోకి వస్తే దుకాణాల వాళ్ళంతా లేచి నిలబడేవారట. మా తాత గోపాలరావు దొర వస్తే సగం మంది లేచేవారట. మా నాన్న వస్తే కూర్చున్నచోటనే నమస్కారం పెట్టేవారు. నా వంతు వచ్చేసరికి లేచి నిలబడవలసింది నేనే అయింది. ఎందుకంటే నేను శంకరయ్య సేటు బట్టల దుకాణంలో చీరలు చూపించే కొలువులో ఉన్నాను.

అయితేనేం, చిన్న అత్తరు సీసాతో బజారులో సగం సంసారాలకు నిప్పు పెట్టిన ఘనత మా వంశంలో నాకొక్కడికే దక్కింది. చెబుతాను. నవ్వండి, కానీ కాస్త మర్యాదగా నవ్వండి.

ఎనభైల చివరి మాట. ఏనుగు చచ్చినా వెయ్యే అంటారు. చావకుండా చీరలు మడతపెడుతున్న ఏనుగు వెల ఎంతో ఏ పెద్దలూ చెప్పలేదు. ఆ దుకాణంలో యజమాని నన్ను "మీరు" అనేవాడు, నేను యజమానిని "నువ్వు" అనేవాణ్ణి. తాతలనాటి అలవాటు, ఇద్దరికీ తప్పలేదు. పరుపు మీద కూర్చోమంటే కూర్చోలేకపోయేవాణ్ణి. గడప దాకా నడిచేవాణ్ణి, తిరిగి వచ్చేవాణ్ణి, మళ్ళీ నడిచేవాణ్ణి. జీతానికి చీరలు చూపిస్తున్నానో, కోటకు కాపలా కాస్తున్నానో నాకే తెలిసేది కాదు.

ఒకరోజు సేటు గొంతు సవరించుకున్నాడు.

"దొరా, ఏమనుకోకున్రి. మీరు చీర చూపిస్తుంటే కోర్టు సమన్లు ఇచ్చినట్టుంది. నిన్న ఒకామె ధర అడగనీకే భయపడి ఉరికింది."

"నేనేమన్నాను?"

"ఏమన్లేదు. గదే బాధ. జర మెత్తగుండున్రి. వచ్చే శుక్రారం లగ్గం బట్టలకు మస్తు మంది వస్తరు. గప్పుడు గూడ గిట్లనే ఉంటే, నేను ఇంకొకర్ని చూస్కోవాలె."

ఇంట్లో అమ్మ ఇంకా సూటిగా చెప్పింది. "కొడుకా, జర వంగుడు నేర్చుకో. గీ కొలువు గూడ పోతే దేని మీద బతుకుతం?"

వంగడమా? మా వాళ్ళ వెన్నులు పుట్టుకతోనే ఇనుపవి. ఏం చేయాలో తోచక బజారు ఈ కొస నుంచి ఆ కొసకు తిరుగుతుంటే అత్తర్లు అమ్మే సాయిబు పిలిచాడు. ఒక పుల్లను సీసాలో ముంచి నా ముక్కు ముందు ఆడించాడు.

"జాజిపూల అత్తరు, దొరా. మెత్తటి మనిషి వాసన ఇది. నెమ్మదిగా మాట్లాడేటోళ్ళకు, పదిమందిల ఒదిగి ఉండేటోళ్ళకు మంచిగ కుదురుతది."

"నాకివ్వు."

"మీకా? మీకు హీనా తీస్త ఉండున్రి. గది దూరం నుంచే వాసనొస్తది, జనం పక్కకు జరుగుతరు. మీ మీసానికి గదే సరిపోతది."

"మెత్తనిదే కావాలి."

నా తర్కం ఇది: మెత్తని మనిషికి ఆ వాసన కుదురుతుందంటే, ఆ వాసన పూసుకున్నవాడు మెత్తనివాడు కాక ఏమవుతాడు? పులితోలు కప్పుకున్న మేకను చూసి జనం భయపడతారు కదా, జాజులు పూసుకున్న పులిని చూసి ఎందుకు ముద్దుచేయరు?

శుక్రవారం పొద్దున చెవుల వెనక, మణికట్లకు, కాలరుకు, చివరికి మీసానికి కూడా పూసుకున్నాను. మీసానికి పూసినవాడికి ఇక ఏ వాసనా తెలియదు. కాబట్టి చాలలేదనుకుని మళ్ళీ పూసుకున్నాను. సీసా జేబులో వేసుకుని దుకాణం గడపలో నిలబడ్డాను. వాసన పనిచేసిందో, కొలువు భయం పనిచేసిందో, నాలో ఒక్కసారిగా మర్యాద పొంగింది. మా గడిలో, అంటే కోటలాంటి మా దొరల ఇంట్లో, అతిథి గడప దాటగానే ఇంటి యజమాని స్వయంగా కుడిచేతి మీద అత్తరు రాసేవాడు. రాయకపోతే అవమానం. ఆడవాళ్ళకు లోపల ఆడవాళ్ళే రాసేవారన్న చిన్న సంగతి ఆ పూట నాకు గుర్తు రాలేదు.

"చెయ్యి ఇటివ్వండమ్మా," అన్నాను మొదట వచ్చినావిడతో.

"అవ్వో, ఎందుకు దొరా?"

"మర్యాద."

"చీర కొనకున్నా పూస్తరా?"

"అతిథిని చూసి పూస్తాం, సంచిని చూసి కాదు."

"గట్లైతే మా ఆడబిడ్డను గూడ తోలుకొస్త, ఆగున్రి!"

తోలుకొచ్చింది. ఆ ఆడబిడ్డ వాళ్ళ వీధిని తోలుకొచ్చింది. చీరలు అటకల మీద నుంచి వానలా దిగాయి. సేటు ముఖం పెట్రోమాక్సు దీపమైంది. "దొరా, గీ మెత్తదనం ఇన్నొద్దులు ఏడ దాచిన్రు?"

సాయంత్రం దీపాలు పెట్టే వేళకు పిండి గిర్ని నడిపే మల్లయ్య, వెనక ఓ గుంపుతో వచ్చాడు.

"సేటూ! నా పెండ్లాం చేతికి జాజుల వాసన. ఇంట్ల చెట్టు లేదు, తలల పువ్వు లేదు. ఏందే అంటే నవ్వుతుంది. పక్కింటామె చేతికి గదే వాసన, ఎనకింటామె చేతికి గదే. ముక్కు పట్టుకొని వస్తే గీడికొచ్చింది. ఎవడు వాడు?"

నేను చీరల దొంతర వెనక్కి జరిగాను. ఏం లాభం? ముక్కులన్నీ కలిసి నా వైపు తిరిగాయి.

"మల్లన్నా, గది దుకాణం..." అని సేటు ఏదో సర్దబోయాడు. ఒక్క నిమిషం నేను నోరు మూసుకుని ఉంటే సరిపోయేది. కానీ ఇనుప వెన్ను ఊరుకుంటుందా? ముందుకొచ్చి గర్జించాను.

"మా గడికి వచ్చినవాళ్ళకు అత్తరు రాయడం మా వంశాచారం!"

మల్లయ్య నెమ్మదిగా అడిగాడు.

"మా ఆడోళ్ళు నీ గడికి ఎప్పుడొచ్చిన్రు?"

దొరల గడుల గురించి తెలిసిన ఏ మగవాడూ వినకూడని మాట అని నోరు దాటాక అర్థమైంది. ఎవరో చొక్కా చేతులు మడవడం కనిపించింది. సేటు నా జేబులోంచి సీసా లాక్కుని, "గడి గాదే, దుకాణం! గిరాకీకి మర్యాద! ఇగో నీక్కూడ, ఇగో నీకు, పట్టు నువ్వు!" అంటూ దొరికిన ప్రతి చేతికీ పూసేశాడు. మల్లయ్య తన చెయ్యి వాసన చూసుకున్నాడు. నవ్వాడు. గుంపంతా నవ్వింది. సేటు చాయ్ తెప్పించాడు. కొలువు నిలిచింది, నేను ఊపిరి పీల్చుకున్నాను. అదీ జాజులదే.

కానీ ఆ గుంపులో పెండ్లాం చెయ్యి వాసన చూసి వచ్చినవాళ్ళు కొందరే. తక్కినవాళ్ళు తన్నులాట చూడ్డానికి వచ్చినవాళ్ళు. వాళ్ళ ఆడవాళ్ళు ఆ రోజు మా దుకాణం గడప తొక్కలేదు.

తెల్లవారి ఇంకా సగం తలుపులు తీయకముందే ఆ ఆడవాళ్ళంతా వచ్చి నిలబడ్డారు. కొంగు నడుముకు చుట్టిన ఒకావిడ అడిగింది.

"సేటూ, రాత్రి మా ఆయన మీద వాసన పెట్టి పంపింది ఎవతి? దాన్ని బయటికి పిలువు!"

సేటు తల దించుకున్నాడు. నన్ను చూపించాడు.

"ఆడిది గాదమ్మా. గీయనే."

ఆవిడ నన్ను కాళ్ళ నుంచి మీసం దాకా చూసింది. "గీయననా?" అని, వెనకవాళ్ళ వైపు తిరిగింది. "గింతకన్నా ఆడిది ఉన్నా బాగుండు!"

ఆమె వెళ్ళాక సేటు రెండు చేతులూ జోడించాడు. "దొరా, మీరు మీ గడిలనే మంచిగుంటరు."

అందుకని, మీ అందరి ఎదుట మూడు తరాల మీసాల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో మెత్తని మనిషిని కాను, కావడానికి ప్రయత్నించను. జాజిపందిరి ఉన్న సందులోకి అడుగుపెట్టను. పెట్టవలసివస్తే ముక్కు మూసుకుని, చేతులు జేబుల్లో పెట్టుకుని నడుస్తాను.

కొలువు పోయిన ఆ ఎండాకాలం మా గడి ముందరి టేకు దర్వాజను ప్రజ్ఞాపూర్‌లో హోటలు కడుతున్న ఒకాయనకు అమ్మేశాం.