ఆపెయ్యమన్నానని చెప్పాను

చాలా ఏళ్ళుగా ఒక మనిషి బతుకుతెరువు నా అబద్ధం కింద నలిగిపోయి ఉంది. నేనూ బరువు మోశానని చెప్పుకోవాలని ఉంటుంది. కానీ నాదేం బరువు? నా షెడ్డు నడిచింది, నా పేరు పెరిగింది. మోసింది అతను. మీరెవరో నాకు తెలియదు. అదే మంచిదేమో. ముఖపరిచయం ఉన్నవాళ్ళకి చెప్పబోతే మధ్యలో ఎక్కడో మాట తప్పించేస్తాను. చాలాసార్లు అలాగే చేశాను.

నాది గుడివాడలో డీజిల్ బళ్ళు బాగుచేసే షెడ్డు. నాగరాజు ఒక పికప్ బండికి డ్రైవరు. కృత్తివెన్ను చెరువుల దగ్గర రొయ్యలు ఐసులో పెట్టి ఎక్కించుకుని పెడన మీదుగా వచ్చేవాడు. మాకు చుట్టరికం లేదు, అయినా బావా అంటే బావా అని పిలుచుకునేవాళ్ళం. బండి ప్రసాద్ గారిది. తుడవడం, కడగడం చూస్తే నాగరాజు సొంత బండేమో అనిపించేది.

ఆ వేసవిలో ఇంజన్ అడుగున ఆయిల్ కారుతోందని తెచ్చాడు. కింద ఆయిల్ ఉండే సంపు విప్పి, కడిగి, అంచులకి, ఆరితే రబ్బరులా గట్టిపడే గాస్కెట్ పేస్టు రాసి బిగించాను. పేస్టు పల్చగా రాయాలి. ఆరనివ్వాలి. తెలియకనా? తెలుసు. మళ్ళీ కారితే మాటొస్తుందని దండిగా పూశాను. ఆరకముందే ఆయిల్ పోసి పంపేశాను.

కొన్నాళ్ళకి, మిట్టమధ్యాహ్నం, ఫోన్ చేశాడు. పెడన దాటాక ఆయిల్ ప్రెజర్ ఎర్ర లైటు వెలిగిందట. వెంటనే ఇంజన్ ఆపి బండి పక్కకి తీశాడు. కొలపుల్ల లాగి చూస్తే ఆయిల్ నిండుగానే ఉంది. మళ్ళీ స్టార్ట్ చేస్తే లోపల టకటకమంటోంది. చెప్పవలసినవన్నీ చెప్పాడు. లైటుకి ఉండే స్విచ్చి పాడైతే లైటు వెలుగుతుంది గానీ ఇంజన్ చప్పుడు చెయ్యదు. ఆయిల్ నిండుగా ఉండి, చప్పుడు కూడా వస్తోందంటే, ఆ ఆయిల్ పైకి ఎక్కడం లేదన్నమాట. నేను ప్రెజర్ కొలిచే గేజి పట్టుకుని వెళ్ళాలి. స్విచ్చి విప్పి ఆ చోట గేజి బిగిస్తే అక్కడే తేలిపోయేది. కానీ షెడ్డులో ఇంకో బండి గేరుబాక్సు దించి ఉంది. అన్నం తినలేదు. ఎండ మండిపోతోంది. అతని వెనక ఐసు కరిగిపోతోంది.

"స్విచ్చి పోయుంటది బావా. మెల్లగా వచ్చెయ్."

"చప్పుడొస్తుంది బావా."

"ఏం కాదు. నేను చెప్తున్నాగా."

నా మాట మీద కదిలాడు. గుడ్లవల్లేరు దాటకముందే ఇంజన్ పట్టేసి ఆగిపోయింది. సరుకు పాడైపోయింది. బండిని తాడు కట్టి నా షెడ్డుకి లాక్కొచ్చారు.

ప్రసాద్ గారు బయల్దేరానని కబురు చేశారు. ఆయన వచ్చేలోపే సంపు విప్పాను. ఎందుకంత తొందర? అప్పటికే నాకు అనుమానం ఉందా? ఉండే ఉంటుంది. ఆయిల్ పీల్చే గొట్టం చివర జల్లెడ ఉంటుంది. దాని నిండా నల్లటి రబ్బరు ముక్కలు. నేను పూసిన పేస్టే. లోపలికి పొంగి, ఊడి, జల్లెడకి అతుక్కుపోయింది. క్షణం అలాగే చూశాను. తర్వాత డీజిల్‌లో ముంచిన గుడ్డ తీసుకుని తుడిచేశాను. ముక్కలు గుడ్డలో చుట్టి చెత్తలో పడేశాను. నాగరాజు బయట రోడ్డు వైపు చూస్తూ నిలబడి ఉన్నాడు. ఇంతలో ప్రసాద్ గారి కారు వచ్చి ఆగింది.

లైటు వెలిగితే ఆపాలని కూడా తెలియదా అని ఆయన డ్రైవర్ని అడిగారు.

"ఆపానండీ. ఫోన్ చేస్తే వచ్చెయ్యమన్నాడండీ బావ."

ఆయన నా వైపు తిరిగారు. "ఏం చెప్పావయ్యా?"

"ఆపెయ్యమనే చెప్పానండీ."

గొంతు వణకలేదు. ఎందుకు వణకలేదని ఇప్పటికీ నన్ను నేనే అడుగుతుంటాను. నాగరాజు నన్ను తిట్టలేదు. చేతిలో ఉన్న తాళాలు బానెట్ మీద పెట్టి నడిచి వెళ్ళిపోయాడు.

ఇంజన్ నేనే బాగుచేశాను. గీతలు పడ్డ క్రాంకు ఇరుసుని నునుపుగా గీకించి, బేరింగులు, ఆయిల్ పంపు కొత్తవి వేశాను. ఈసారి పేస్టు పల్చగా రాసి ఆరనిచ్చాను. గేజి బిగించి స్టార్ట్ చేస్తే ముల్లు చక్కగా లేచి నిలబడింది. ప్రసాద్ గారు నా భుజం తట్టి, మిగతా బళ్ళు కూడా నా దగ్గరికే పంపించారు. నాగరాజుకి మాత్రం ఇంజన్ తినేసినోడని పేరు పడింది. పామర్రు నుంచి బందరు దాకా ఎవరూ స్టీరింగ్ ఇవ్వలేదు. కృత్తివెన్ను దగ్గర చెరువుల్లో మేత చల్లే పనికి కుదిరాడు.

ఈ మధ్యే వెళ్ళి కలిశాను. చెరువు గట్టు మీద నిలబడి జల్లెడ సంగతి, అబద్ధం సంగతి అంతా చెప్పాను. అతను మేత సంచి దించలేదు.

"ఆయనకి చెప్పావా?"

లేదన్నాను.

"మరి నాకెందుకు చెప్తున్నావు? ఆ రోజు నువ్వేం చెప్పావో నాకు తెలీదా."

బావా అనలేదు. పడవ ఎక్కి చెరువులోకి వెళ్ళిపోయాడు.

తిరిగొచ్చేటప్పుడు ప్రసాద్ గారి ఇంటికి వెళ్ళాను. ఆయన విని, ఆ బండి ఎప్పుడో అమ్మేశాం కదయ్యా, ఇప్పుడెందుకు తవ్వడం అన్నారు. నాగరాజు పేరే ఎత్తలేదు. కాఫీ తాగి వెళ్ళమన్నారు. తాగానా? తాగాను. అది కూడా చెప్పాలి.

అబద్ధం నోటినోటా ఊళ్ళు దాటింది. నిజం ప్రసాద్ గారి హాల్లో, ఒక చెరువు గట్టు మీద ఆగిపోయింది. అందుకే మీకు రాస్తున్నాను. దీనివల్ల అతనికి ఏదీ తిరిగి రాదు. క్షమించమని మిమ్మల్ని అడిగే హక్కు నాకు లేదు. రాస్తుంటే ఊపిరి కాస్త ఆడుతోంది, అంతే. ఎక్కడైనా ఆ పేరు వినబడితే ఈ మాట చెప్పండి. ఆ రోజు నాగరాజు బండి ఆపాడు. నడిపించింది నేను.