నుదుటి మీద ఆసు

లింగాల ఘనపూర్‌లో మా ఎదురింటి అక్క పోయిన గురువారం కన్నుమూసింది. చాలా ఏళ్ళు అంగన్‌వాడీ టీచరు. మా ఊళ్ళో సగం మందికి ఉడికిన గుడ్డు ఒలిచి పెట్టిన చెయ్యి అది. మాలాంటి ముసలివాళ్ళకు పేక పత్తాలు పంచిన చెయ్యి కూడా అదే.

ఆదివారం చర్చి నుంచి వచ్చి, చీర మార్చుకుని, వరండాలో చాప పరిచేది. అక్క, నేను, ఎరువుల దుకాణం మల్లేశం, టైలర్ యాదగిరి. మూడు ముక్కలాట, పందెం చింతగింజలు. గింజల సంగతి ఒకటి చెప్పాలి: వేయించినవి పెడితే మల్లేశం ఆట మధ్యలోనే పందెం నమిలేసేవాడు. అందుకని పచ్చివే వాడేవాళ్ళం. ఎవరు పంచితే వాళ్ళు చెప్పిందే ఆ చుట్టు ఆట. చిన్న ముక్కలు గెలిచే ఆటంటే అక్కకు ప్రాణం. "గిది బీదోళ్ళ రాజ్యం. రాజులు, రాణులు జర పక్కకు జరుగుర్రి," అనేది.

అట్లాంటి చాప మీదికి సర్పంచ్ ఎన్నిక వచ్చి పడింది. మల్లేశం తమ్ముడు నిలబడి కొద్ది ఓట్లతో ఓడాడు. యాదగిరి అతనికి ఓటు వేయలేదని మల్లేశానికి ఎవరో చెవిలో వేశారు. "వేసిన" అని యాదగిరి, "వెయ్యలే" అని మల్లేశం. చిన్ననాటి దోస్తానా అక్కడితో ఆగింది. ఆట కూడా ఆగేలా ఉంది. ఒంటరిగా ఉండే అక్కకు వారమంతటికీ అదొక్కటే సందడి. "వాడు వస్తలేడు, నువ్వు రా" అని ఇద్దరికీ విడివిడిగా కబురు పంపింది. ఇద్దరూ వచ్చారు. వచ్చి, నన్ను మధ్యలో టెలిఫోను తీగను చేశారు.

"అన్నా, ఆయినను పత్తా వెయ్యమను."

"అన్నా, గంత తొందరేందో అడుగు."

కొన్ని వారాలు ఓపిక పట్టి, అక్క ఒకనాడు కొత్త ఆట చెప్పింది. తలా ఒక్క ముక్క, పెద్ద ముక్కదే గెలుపు. ఎవరిది వాళ్ళు చూడకుండా, ఎదుటివాళ్ళకు కనబడేలా నుదుటికి ఆనించుకోవాలి. ఆడాలా మానాలా అన్నది ఎదురుగా కూర్చున్న మనిషినే అడగాలి. అతను నిజం చెప్పొచ్చు, అబద్ధమూ చెప్పొచ్చు. ఆ ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టింది.

మల్లేశం నుదుటి మీద ఆసు. దాన్ని మించిన ముక్క లేదు. అతను నా వైపు తిరిగాడు.

"గటు గాదు, ఎదుటోన్ని అడుగు," అంది అక్క, పిల్లలకు చెప్పే గొంతుతో.

చివరికి మల్లేశం గొణిగాడు: "ఏందిరా, నాది పెద్దదా?"

"పెద్దదే. అందరికన్న పెద్దది."

"నీ మాట ఎవడు నమ్ముతడు!" అని మల్లేశం ఆట వదిలేసి ముక్క కింద పెట్టాడు. పెడుతూ చూసుకున్నాడు.

"నిజమే చెప్పినవారా?"

"గప్పుడు గూడ నిజమే చెప్పిన. నీ తమ్మునికే వేసిన. నువ్వే నమ్మలే."

మల్లేశం తన గింజలన్నీ యాదగిరి ముందుకు నెట్టాడు.

రాజీలు కుదిర్చే పెద్దమనుషులను నేను చాలామందిని చూశాను. పంచాయితీ పెడితే గొంతులే పెరుగుతాయి. ఈమె చిన్న అట్టముక్కతో పని ముగించి, "మాఫీలు గీఫీలు తర్వాత, పత్తాలు కలుపుర్రి" అంది.

శుక్రవారం ఆమెను సమాధి చేసి తిరిగొస్తున్నాం. రాత్రి వానకు దారంతా బురద. జనగామలో మల్లేశానికి ఈ మధ్యనే కంటి ఆపరేషన్ అయింది. నల్లద్దాలు పెట్టుకుని, యాదగిరి చెయ్యి పట్టుకుని నడుస్తున్నాడు.

"ఇగ ఐతారం ఆట ఎట్లరా?" అన్నాడు మల్లేశం.

"మా ఇంట్ల కూసుందాం. మా ఇంటామెకు నేర్పుదాం, నలుగురమైతం."

"ఆమెకా? మన గింజలన్ని ఊడ్సుకపోతది!"

"పోనీ తియ్యి. జర ఆగు, ముందు గుంత ఉన్నది. పెద్ద అడుగు వెయ్యి."

మల్లేశం కిందికి చూడలేదు. పెద్ద అడుగు వేశాడు.