నా బుడ్డ మెషీన్, ఆమె వత్తులు

మా ఆవిడకు మూడో నెల వచ్చేసరికి నా సిగరెట్ వాసన అస్సలు పడకుండా పోయింది. నేను మాదాపూర్ ఆఫీసు నుంచి మియాపూర్ ఫ్లాట్‌కి రాగానే చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకుని బాత్‌రూమ్‌కి పరుగు తీసేది. ఒకరోజు నా దిండు తెచ్చి సోఫా మీద పడేసింది.

"బిడ్డ పుట్టినంక గూడ గిట్లనే కంపు గొడితే ఎత్తుకోనియ్య. చెప్తున్న" అంది.

నవ్వుతూనే అంది గానీ నాకు ఏడుపొచ్చినంత పనైంది.

అప్పటికి మన దగ్గర వేప్‌ల మీద, అదే ఈ-సిగరెట్ల మీద, నిషేధం రాలేదు. ఆఫీసులో నా పక్క సీటు భీమవరం మిత్రుడు "మానాలంటే ఇదొక్కటే దారండి" అంటూ ఒక చిన్న వేప్ మెషీన్ అంటగట్టాడు. అందులో కాయిల్ మనమే చుట్టుకోవాలి. సన్నటి తీగను స్ప్రింగులా చుట్టి, మధ్యలో దూది దూర్చి, దానికి నికోటిన్ ద్రవం పట్టించాలి. తీగ వేడెక్కితే ఆవిరి వస్తుంది.

ఏదైనా అతిగా చేస్తే తప్ప నాకు తృప్తి ఉండదు. మిత్రుడి పెద్ద మెషీన్‌లో చూసినట్టే లావు తీగతో జంట కాయిళ్లు చుట్టాను. నాదేమో పదిహేను వాట్ల బుడ్డది. బటన్ నొక్కి ఎంత పీల్చినా గోరువెచ్చని గాలే వచ్చింది. బ్యాటరీని తిట్టాను, అది చేసినవాణ్ణి తిట్టాను. మా ఆవిడ చూసి చూసి నోరు విప్పింది.

"గింతంత పొయ్యి మీద పెండ్లి గుండిగ వెట్టినవ్. ఎప్పుడు ఉడకాలె అది?"

రోషమొచ్చినా, సన్న తీగతో ఒక్కటే కాయిల్ నాలుగైదు చుట్లు చుట్టాను. చిటికెలో వేడెక్కింది. ఇంతలో దూది అయిపోయింది. పూజ గదిలో చూస్తే డబ్బాలో దీపం వత్తులున్నాయి. ఉన్నవన్నీ తెచ్చుకుని ఒక్కొక్కటే దూర్చాను. ఆమె వత్తులు గట్టిగా పేనుతుంది, ద్రవం లోపలికి ఎక్కితేగా! దూది మాడి, దగ్గలేక చచ్చాను.

శుక్రవారం సాయంత్రం ఆమె ఖాళీ డబ్బా పట్టుకుని వచ్చింది. సంగతి విని కడుపు పట్టుకుని నవ్వింది.

"దేవుని దీపంల వెట్టేటియి నోట్లె వెట్టుకున్నవా? కూసో. డబ్బ నిండ చేసినంకనే లేవాలె."

దూది పొర పొరగా విడదీసి, అరచేతుల మధ్య పేనుతూ కూర్చున్నాను. మొదట వంకరగా వచ్చాయి. తర్వాత కుదిరాయి, పంతం కూడా పెరిగింది. డబ్బా నిండేసరికి ఆమె అడిగింది.

"ఇయ్యాల కిందికి పోలేవేంది?"

కింద పాన్ డబ్బా. రోజూ ఆ వేళకు సిగరెట్ కోసం అక్కడే ఉంటాను. ఆ రోజు గుర్తే రాలేదు! మర్నాటి నుంచి మనసు లాగినప్పుడల్లా దూది ముందేసుకున్నాను. మధ్యలో తప్పిన రోజులూ ఉన్నాయి, సోఫా మీద పడుకున్న రాత్రులూ ఉన్నాయి. మెషీన్ మాత్రం మిత్రుడికి తిరిగిచ్చేశాను. మా అపార్ట్‌మెంట్లో ఏ ఇంట్లో పూజైనా వత్తులు మా ఇంటి నుంచే వెళ్లేవి.

దవాఖానలో నర్సు పాపను తెచ్చి నా ముందుకు చాపింది. నేను గబగబా నా వేళ్లు వాసన చూసుకున్నాను. మంచం మీది నుంచి మా ఆవిడ చూస్తూనే ఉంది.

"ఏం వాసన లేదు తియ్" అంది నీరసంగా. "ఎత్తుకో."